ధార – ధారణ

నిరుడు ఒక మిత్రుడి టపాలను పుస్తకంగా కూర్చే పని నా మీద పడింది. ఆయన ఇప్పుడు లేరు. మనలో చాలామందికి ఆయన వ్యాఖ్యల ద్వారానే పరిచయం గానీ, తన సొంత గూట్లో రాసినవీ తక్కువేమీ కాదు, 300 పైచిలుకు టపాలు. వారి అమ్మాయి ఆ ఖాతా సంకేతపదం ఎక్కడో వెతికి పట్టుకుని, మొత్తం ఎగుమతి చేసి, ఒకే ఒక్క దస్త్రంగా నాకు పంపింది. 11 మెగాబైట్ల ఎక్సెమ్మెల్. "అంకుల్, దీన్ని తెరిస్తే అన్నీ గుర్తులే కనబడుతున్నాయి, నాన్న రాసింది మధ్యమధ్యలో ఎక్కడో ఉంది" అన్నది. ఎక్సెమ్మెల్‌ను ఇంతకన్నా బాగా వర్ణించినవారిని నేను చూడలేదు.

నా దగ్గర పాత పెర్ల్ ప్రోగ్రాము ఒకటుంది. దాని దుమ్ము దులిపి, అక్కడక్కడా మార్చి, ఒక్క పూటలో పని ముగించాను. అచ్చుప్రతి దిద్దుతూ ఉంటే విషయసూచికలో మూడు శీర్షికలు తల లేకుండా కనబడ్డాయి. "లో వాన" అని ఒకటి. "లో దొరికిన పుస్తకం" అని ఒకటి. "కి ఒక జవాబు" అని ఇంకొకటి. అసలు శీర్షికలు "హైదరాబాద్‌లో వాన", "బస్‌లో దొరికిన పుస్తకం", "ఎడిటర్‌కి ఒక జవాబు". ప్రోగ్రాము మాత్రం ఒక్క హెచ్చరికైనా ఇవ్వలేదు. ఆ మూడింటినీ చేత్తో దిద్ది, 40 ప్రతులకు ప్రెస్సుకు పంపేశాను.

కారణం వెతకడానికి తర్వాత తీరిక దొరికింది. ద్ కీ లో కీ నడుమ మనం పెట్టే కనబడని విడదీత గుర్తు ఉంది చూశారూ, అది లేకపోతే "హైదరాబాద్లో" అని ల వత్తు పడిపోతుంది. యూనికోడులో ఆ గుర్తు సంఖ్య 8204. మిత్రుడి దస్త్రంలో కొన్నిచోట్ల అది నేరుగా ఉన్నది. కొన్నిచోట్ల ఆంపర్సాండు, హాష్, 8204, సెమికోలను అంటూ సంఖ్యారూపంలో ఉన్నది. ఎక్సెమ్మెల్ నియమాల ప్రకారం రెండూ సమానమే. అయితే నేను వాడిన పార్సరు, జేమ్స్ క్లార్క్ రాసిన ఎక్స్‌పాట్, సంఖ్యారూపం తగలగానే అప్పటిదాకా చదివిన ముక్కను ఒక విడతగా అందిస్తుంది, గుర్తును విడిగా అందిస్తుంది, మిగిలిన ముక్కను మరో విడతలో అందిస్తుంది. నా ప్రోగ్రాము శీర్షిక విషయంలో ప్రతి విడతా పాతదాన్ని చెరిపి కొత్తది పెట్టుకుంది. అందుకని చివరి ముక్కే మిగిలింది. టపా ఒంటి దగ్గర ఈ తప్పు చేయలేదు. అక్కడ పంక్తి మారినా విడత మారుతుంది కనుక మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి. శీర్షిక ఒక్క పంక్తే కదా అన్న ధీమా నాది.

దీన్ని అజాగ్రత్త అనవచ్చు, ఒప్పుకుంటాను. పాఠం ముక్కలుగా రావచ్చునని శాక్స్ గురించి రాసినవాళ్ళందరూ మొదటే చెబుతారు. కానీ నన్ను తొలిచిన ప్రశ్న అది కాదు. 11 మెగాబైట్ల దస్త్రానికి అసలు ధార పద్ధతి ఎందుకు వాడాను?

జవాబు 2008లో ఉంది. తెవికీ వ్యాసాలన్నిటినీ కలిపి వికీమీడియా వారు ఎక్సెమ్మెల్ దస్త్రంగా అందరికీ అందుబాటులో ఉంచుతారు. ఇప్పటికీ ఉంచుతూనే ఉన్నారు. అక్షరదోషాలు పట్టే సాధనం ఒకటి చేద్దామన్న ఉత్సాహంతో, పదాల పట్టిక కోసం దాన్ని దించుకున్నాను. అప్పటి నా కంప్యూటరులో ఉన్న మెమరీ 512 మెగాబైట్లు. దస్త్రాన్ని మొత్తంగా చెట్టులా మెమరీలో నిలబెట్టబోయాను. డిస్కు గరగరమన్నది, మౌసు కదలడం మానేసింది, అరగంట తర్వాత కరెంటు మీట నొక్కి పడుకున్నాను. మర్నాడు అదే పనిని శాక్స్ తరహాలో రాస్తే, పుటలు ఒకటొకటిగా వచ్చి పోతుంటే, మెమరీ ముల్లు కదలనే లేదు. ఆ రోజు నుంచి నేను ధారావాదిని. చిన్నా పెద్దా తేడా లేకుండా ప్రతి దస్త్రాన్నీ ధారగానే చదివాను. వాదాలతో వచ్చే చిక్కు ఇదే, కారణం పోయినా అలవాటు ఉండిపోతుంది.

ఈ రంగంతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. ఎక్సెమ్మెల్ దస్త్రాన్ని మార్చడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, దస్త్రమంతా చదివి, అందులోని ప్రతి అంశాన్నీ ఒక కణుపుగా చేసి, తల్లీ పిల్లల సంబంధాలతో మెమరీలో చెట్టు కట్టుకోవడం. ఆ తరువాత ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకైనా దూకవచ్చు. వెనక్కు చూడవచ్చు, ముందుకు చూడవచ్చు. డామ్ అనే ప్రమాణంలో దీనికొక రూపం ఏర్పడింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాని మొదటి స్థాయిని 1998 అక్టోబరులో ప్రకటించింది. రెండవది, పార్సరు చదువుకుంటూ పోతుంది, ట్యాగు తెరుచుకున్నప్పుడూ పాఠం వచ్చినప్పుడూ ట్యాగు మూసుకున్నప్పుడూ మన ప్రోగ్రామును పిలిచి చెబుతుంది. చెప్పి మరచిపోతుంది. గుర్తుంచుకోవలసిన బాధ్యత మనది. దీనికి ప్రసిద్ధ రూపం శాక్స్. అది ఏ ప్రమాణ సంస్థా తీర్మానించినది కాదు. డేవిడ్ మెగిన్‌సన్ ముందుండి నడిపించగా, ఎక్సెమ్మెల్ మీద పనిచేస్తున్నవాళ్ళు తమలో తాము చర్చించుకుని తేల్చుకున్నది, 1998 మేలో వెలువడింది. అంటే రెండూ ఒకే ఏడాది పిల్లలు. తగవు కూడా అంత పాతదే.

ఈ రెండు పద్ధతులకూ నేను పెట్టుకున్న తెలుగు పేర్లు ధార, ధారణ. అవధానం చూసినవాళ్ళకు వివరించనక్కరలేదు. అవధాని ముందు పృచ్ఛకులు వరుసగా విసురుతూ ఉంటారు. సభలో జరిగిన ప్రతి మాటనూ ఆయన మనసులో దాచుకోడు. అప్రస్తుత ప్రసంగికి అక్కడికక్కడే జవాబిచ్చి వదిలేస్తాడు, దాచవలసింది సున్న. గంటలు లెక్కపెట్టడానికి ఒక్క అంకె చాలు. సమస్యకూ దత్తపదికీ వర్ణనకూ అప్పటిదాకా చెప్పిన పాదాలు దాచుకోవాలి, నాలుగు పాదాలూ పూర్తయ్యాక ధారణలో అప్పజెప్పాలి. ప్రతి పృచ్ఛకుడి విషయంలోనూ ఎంత దాచుకోవాలో ఆయనకు ముందే తెలుసు, అందుకే నడుస్తుంది. ఆ లెక్క లేకుండా ధారకు దిగితే నా విషయసూచికలా ఉంటుంది.

కాబట్టి నా వాదన ఇది. ధారా, చెట్టా అన్నది దస్త్రం పరిమాణాన్ని బట్టి మాత్రమే తేల్చే సంగతి కాదు. మనం చేయబోయే మార్పుకు ఎంత గుర్తుండాలో ముందు కాగితం మీద రాసుకోవాలి. ఆ జాబితా రాయలేకపోతే చెట్టు కట్టడమే మర్యాద. చెట్టు మెమరీలో పట్టేటట్లయితే, జాబితా రాయగలిగినా సరే, చెట్టే మేలంటాను. ధారలో పొదుపయ్యే మెమరీ కన్నా, ధారలో దొర్లే తప్పుల స్వభావం నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆ స్వభావం గురించి కాస్త చెప్పాలి. చెట్టు పద్ధతి విఫలమైతే ఇల్లంతా తెలుస్తుంది. మెమరీ చాలదు, యంత్రం మొండికేస్తుంది, ప్రోగ్రాము పడిపోతుంది. చేతికి ఏమీ రాదు, కనుక మోసమూ లేదు. ధార పద్ధతి తప్పినప్పుడు చేతికి ఫలితం వస్తుంది, చూడడానికి బాగానే ఉంటుంది. దస్త్రం దించుకునేటప్పుడు సగంలో తెగిపోయిందనుకోండి. చెట్టు కట్టే ప్రోగ్రాము మూసుకోని ట్యాగు చూసి మొత్తానికి మొత్తం తిరస్కరిస్తుంది. ధార ప్రోగ్రాము తెగినచోటు దాకా అన్నీ మార్చి రాసేసి, అప్పుడు గొణుగుతుంది. ఆ గొణుగుడు వినకపోతే సగం దస్త్రమే పూర్తి దస్త్రంగా చలామణీ అవుతుంది. (తెగిపోయిన ప్రతి తప్ప వేరే ప్రతి లేనప్పుడు ఇదే గుణం వరం, ఉన్నంత వరకైనా దక్కుతుంది. ఒప్పుకోవాలి.) ఇక పాఠం విడతల సంగతి తెలుగుకు మరీ ఇబ్బంది. పార్సరు దస్త్రాన్ని కొంతకొంతగా చదువుతుంది, ఆ అంచు ఎక్కడ పడుతుందో మనకు తెలియదు. ఒక యూనికోడు వర్ణపు బైట్లను అది విడదీయదు గానీ, "మి"లో మ ఒక విడతలో, గుడి ఇంకో విడతలో రావడానికి అడ్డేమీ లేదు. ఇంగ్లీషువాడికి మాట మధ్యలో విరుగుతుంది. మనకు అక్షరమే మధ్యలో విరుగుతుంది. ఒక్కొక్క విడత మీద వెతుకులాట, మార్పిడి చేసే ప్రోగ్రాము వెయ్యి పుటల్లో సరిగా నడిచి, వెయ్యిన్నొకటవ పుటలో గుడిని తల్లి నుంచి వేరు చేస్తుంది.

మిత్రుడి పుస్తకంలో వ్యాఖ్యలు కూడా వేయాలని వారి అమ్మాయి కోరింది. న్యాయమే, ఆ రోజుల్లో సగం సాహిత్యం వ్యాఖ్యల్లోనే నడిచింది. అక్కడ ఇంకొక సంగతి గమనించాను. బ్లాగర్ ఎగుమతి ఆటమ్ రూపంలో ఉంటుంది. అందులో టపా ఒక పద్దు, వ్యాఖ్య ఇంకొక పద్దు, ఆఖరికి గూటి అలంకరణ మూస కూడా ఒక పద్దే. అన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి. ఏ వ్యాఖ్య ఏ టపాకు చెందినదో లోపల రాసిన గుర్తింపును బట్టి తేల్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ ఎగుమతి అలా కాదు, టపా కడుపులోనే దాని వ్యాఖ్యలుంటాయి. సమాచారం ఒకటే, మనుషులు ఒకటే, రాసిందీ ఒకటే. కానీ వర్డ్‌ప్రెస్ దస్త్రాన్ని ధారగా మార్చడం నల్లేరు మీద నడక: టపా మూసుకోగానే దానికి సంబంధించిన సమస్తం చేతిలో ఉంటుంది, అచ్చువేసి మరచిపోవచ్చు. బ్లాగర్ దస్త్రంలో చివరి పద్దు చదివేదాకా ఏ టపా పూర్తయిందో చెప్పలేం. అన్నీ పట్టుకుని కూర్చోవలసిందే. అన్నీ పట్టుకుని కూర్చునేటప్పుడు అది చెట్టు కాక మరేమిటి? పేరుకు ధార, చేసేది ధారణ, అదీ చేత్తో అల్లిన ధారణ. ఎవరో పదేళ్ళు శ్రమపడి తప్పులు దిద్దిన చెట్టు గ్రంథాలయాన్ని వదిలేసి, మన సొంతానికి ఒక వంకర చెట్టు నాటుకుంటున్నామన్న మాట.

"మెమరీ ఇప్పుడు చవక, ఇక ధార ఎందుకు" అని మీరనవచ్చు. అంత సులువుగా తేలదు. నా ఇప్పటి కంప్యూటరులో 16 గిగాబైట్లున్నాయి, నిజమే, 2008 నాటి తెవికీ దస్త్రం అందులో ఆడుకుంటుంది. కానీ తెవికీ ఆగలేదు. పైగా అసలు కొలవవలసినది బైట్లను కాదు, కణుపులను. తెవికీ దస్త్రంలో ఒక వ్యాసమంతా ఒకే పాఠపు కణుపు. వికీ గుర్తులన్నీ ఆ పాఠం లోపలే ఉంటాయి, ఎక్సెమ్మెల్ వాటిని పట్టించుకోదు. కాబట్టి దస్త్రం లావుగా కనబడినా చెట్టుకు కొమ్మలు తక్కువ. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు పడతాయి, జావాలోనూ, 3.3 తర్వాతి పైథాన్‌లోనూ మెమరీలోకి వచ్చేసరికి 2 బైట్లే. అంటే పాఠం వరకు చూస్తే డిస్కు మీద కన్నా మెమరీలో సన్నబడుతుంది కూడా. దీనికి పూర్తి విరుద్ధం నిఘంటువు. బ్రౌణ్య నిఘంటువు లాంటి దాన్ని ఆరోపం, వ్యాకరణ విశేషం, అర్థం, ఉదాహరణ, ఆకరం అని విడివిడిగా గుర్తులు పెట్టి రాస్తే, నాలుగు అక్షరాలకో కణుపు. ప్రతి కణుపుకూ తల్లెవరో, ముందెవరో, వెనకెవరో దాచుకునే ఖర్చు అక్షరాల ఖర్చును మింగేస్తుంది. చెట్టు దస్త్రానికి ఎన్నో రెట్లు అవుతుంది. అయినా నేను నిఘంటువుకు చెట్టే వాడమంటాను. "చూడు: ఫలానా" అని ప్రతి పుటలోనూ ముందుకూ వెనక్కూ చూపించే పుస్తకాన్ని వెనక్కు చూడని యంత్రంతో చదవడం ఎలా?

తెవికీ దగ్గరకే మళ్ళీ వస్తాను, నా ధారావాదానికి మొదటి దెబ్బ అక్కడే తగిలింది కనుక. పదాల పట్టిక అన్నాను కదా. పుటలు వచ్చి పోతున్నాయి, మెమరీ నిలకడగా ఉంది అని మురిసిపోయాను. అది మొదటి కొన్ని వేల పుటల వరకే. పుటలు పోయినా పదాలు పోవు, అవి నా పట్టికలో ఉంటాయి. ఇంగ్లీషులో కొంతదూరం పోయాక కొత్త పదాలు తగ్గుతాయి. తెలుగులో "వచ్చాడు" వస్తుంది, ఆపైన "వచ్చాడని", "వచ్చాడనీ", "వచ్చాడంటే", "వచ్చాడట", "వచ్చాడేమో" వస్తాయి, సంధి జరిగినవి వేరు, జరగనివి వేరు. పట్టిక పెరుగుతూనే పోయింది, మళ్ళీ డిస్కు గరగర. చివరికి పదాలను లెక్కించకుండా ఒక్కొక్కటీ ఒక్కో పంక్తిగా డిస్కు మీద రాయించి, యూనిక్సు సార్ట్ ఆదేశంతో వరుసపెట్టించి, పక్కపక్కనున్న ఒకేరకం పంక్తులను లెక్కపెట్టించాను. ఆ ఆదేశం మెమరీలో పట్టనిదాన్ని ముక్కలుగా వరుసపెట్టి డిస్కు మీద దాచి, తర్వాత కలుపుతుంది. పాత విద్య, నాకు ఎక్సెమ్మెల్ పుస్తకాలేవీ చెప్పలేదు. దస్త్రాన్ని ధారగా చదివినంత మాత్రాన పని ధార అయిపోదని అప్పుడే తెలిసిరావలసింది. పదిహేనేళ్ళు పట్టింది.

దారిమార్పు పుటలదీ అలాంటి కథే. ఒకే ఊరికి మూడు వర్ణక్రమాలుంటాయి, రెండు దారిమార్పులు, ఒకటి అసలు వ్యాసం. దారిమార్పు ముందు వచ్చి అసలు వ్యాసం తర్వాత రావచ్చు. లంకెలను అసలు పేర్లకు మార్చాలంటే దస్త్రాన్ని రెండుసార్లు చదవాలి: మొదటిసారి దారిమార్పుల జాబితా కోసం, రెండోసారి మార్పు కోసం. రెండుసార్లు చదవడం తప్పేమీ కాదు. ధారావాదులు ఒక్క చదువులోనే అంతా అయిపోవాలన్న పంతంతో రాసే మెలికల కన్నా ఇది ఎంతో శుభ్రం. ఇక అన్ని కూర్పుల చరిత్రతో సహా వచ్చే దస్త్రంలో ఒక్క పుట కింద దాని పాత కూర్పులన్నీ ఉంటాయి. పుటకొక చిన్న చెట్టు కడదామనుకునే తెలివైనవాళ్ళు రచ్చబండ దగ్గర బోర్లాపడతారు. అంతమంది అన్నేళ్ళు వాదించుకున్న పుట!

పుటకొక చెట్టు అన్న ఆ మధ్యేమార్గమే నిజానికి నాకిష్టమైనది. పెర్ల్‌లో మిషెల్ రోడ్రిగెజ్ రాసిన మాడ్యూలు పేరు ట్విగ్, అంటే రెమ్మ. చెట్టంతా కాకుండా అడిగిన రెమ్మను మాత్రం కట్టి చేతికిస్తుంది, చూసి పారేయమంటుంది. పైథాన్‌లో ఫ్రెడ్రిక్ లుంద్ రాసిన ఎలిమెంట్‌ట్రీ 2006లో 2.5 కూర్పుతో ప్రామాణిక సామగ్రిలో చేరింది. అందులోని ఇటర్‌పార్స్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. పద్దు వరకు ధార, పద్దు లోపల చెట్టు. నా శీర్షికల ప్రమాదం ఇక్కడ జరగదు, రెమ్మ చేతికి వచ్చేసరికి ముక్కలన్నీ అతికి ఉంటాయి. అయితే "చూసి పారేయమన్నారు" అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పారేసే పని మనదే. ఇటర్‌పార్స్ వాడి, చూసిన పద్దును ఖాళీ చేయడం మరచిపోతే చెట్టంతా చడీచప్పుడు లేకుండా మెమరీలో పెరిగి ఉంటుంది. ఖాళీ చేసినా, ఖాళీ డొల్ల వేరుకు అంటుకునే ఉంటుంది. లక్షల డొల్లలు పోగుపడ్డాక గాని ఆ సంగతి తెలియదు. వేరు నుంచి కూడా తెంపాలి.

ఎక్సెస్సెల్టీ ప్రస్తావన లేకుండా ఈ మాట ముగించడం అన్యాయం. 1999 నవంబరులో వచ్చిన మొదటి కూర్పు చెట్టు లేనిదే అడుగు వేయదు, వేయనని నిజాయితీగా చెబుతుంది. తాతను అడగవచ్చు, అన్నను అడగవచ్చు, ఇంకా రాని తమ్ముణ్ణి అడగవచ్చు. అందుకే ఆ భాషలో రాసిన మూసలు అంత పొందికగా ఉంటాయి. మైకేల్ కే సంపాదకత్వంలో 2017 జూన్‌లో వచ్చిన 3.0 కూర్పులో ధారకూ చోటు కల్పించారు. దాని నియమాలు నాకు పరీక్ష పుస్తకాన్ని గుర్తుచేశాయి: ఒక మూసలో స్థూలంగా ఒకే ఒక్కసారి కిందికి దిగాలి, దాటి వచ్చినదాన్ని తిరిగి అడగరాదు, అడగవలసి ఉంటే ముందే ఫలానాది గుర్తుంచుకుంటానని ప్రకటించాలి. చదివినప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు చూస్తే, నేను కాగితం మీద రాసుకోమంటున్న జాబితా అదే! పైగా నియమం తప్పిన మూసను, ధారగా నడపడం కుదరదని, దస్త్రం తెరవక ముందే ప్రాసెసరు చెప్పగలదు. ధార పద్ధతికి లేని గొంతు దానికి ఆ రకంగా వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ఆయన సంస్థ తయారుచేసే శాక్సన్‌లో ఈ సౌకర్యం డబ్బు పెట్టి కొనే కూర్పులోనే ఉంది, ఉచిత కూర్పులో లేదు. లినక్సుతో పాటు వచ్చే లిబ్‌ఎక్సెస్సెల్టీ మొదటి కూర్పు దగ్గరే ఆగిపోయింది. శ్రమకు వెల కట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఖర్చులేని గూళ్ళలో రాసుకుని, ఖర్చులేని పనిముట్లతో దాచుకునే మనలాంటివాళ్ళకు మాత్రం ఆ కొమ్మ అందదు. అందాక మనకు రెమ్మలే గతి.

ఇంతకీ మిత్రుడి దస్త్రం. ఈ మాటలు రాయడానికి ముందు దాన్ని చెట్టు పద్ధతిలో మళ్ళీ చదివించాను. 11 మెగాబైట్లు, ఫోను కూడా మోయగలిగిన బరువు. ప్రోగ్రాము మునుపటి దానిలో మూడో వంతు కూడా లేదు. వ్యాఖ్యలన్నీ వాటి టపాల కిందికి చేరాయి. తర్వాత పాత విషయసూచికనూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించమన్నాను. మూడు వస్తాయనుకున్నాను, నాలుగు వచ్చాయి.

నాలుగో శీర్షికలో విడదీత గుర్తు లేదు. అందులో జంట ఉల్లేఖన చిహ్నాలున్నాయి; వాటిని కూడా ఎగుమతి దస్త్రం సంకేతరూపంలోనే రాస్తుంది, పార్సరు వాటి దగ్గరా విడత మారుస్తుంది. మన పుస్తకంలో ఆ టపా పేరు "వాళ్ళ ఊరు". ఏ లోపమూ లేని, చక్కని, సౌమ్యమైన శీర్షిక. అచ్చుప్రతి నేను రెండుసార్లు చదివాను, వారి అమ్మాయి ఒకసారి చదివింది, ఇద్దరికీ అనుమానం రాలేదు. ఆయన పెట్టిన పేరు: "చదువుకున్న" వాళ్ళ ఊరు. ఆ ఉల్లేఖన చిహ్నాల్లోనే ఆయన గొంతంతా ఉంది. 40 ప్రతుల్లో 37 బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నా దగ్గరున్న మూడింటిలో కలంతో రాసి పెట్టాను. తక్కినవారికి ఉత్తరాలు రాస్తున్నాను.